‘నేను’తో మొదలై ‘చేశాను’తో ముగిసే వాక్యం: విశ్వాసి తన తప్పును నిజాయితీగా సరిదిద్దుకునే దారి

మా సంఘంలో ప్రార్థన ఎవరు చేసినా ఒక మాట తప్పకుండా వస్తుంది: "తెలిసీ తెలియక చేసిన పాపాలన్నిటినీ క్షమించు తండ్రీ." ముప్పై ఏళ్లుగా నేనూ అంటున్నాను. ఆ మాటలో పెద్ద సౌకర్యం ఉంది. నా తప్పులన్నీ అందులో పట్టేస్తాయి, ఒక్కటీ బయటికి కనబడదు. లెక్కపెట్టకుండా మూటగట్టి దించేసిన మాసిన బట్టల్లాగా.

"నేను పాపిని" అని వందమంది మధ్య చెప్పడానికి ఎవరికీ సిగ్గు వేయదు. అలా అన్నవాడికి వినయస్థుడనే పేరు కూడా వస్తుంది. అదే మనిషిని మర్నాడు ఎవరైనా "నిన్న మీరు చెప్పింది అబద్ధం కదా" అని అడిగితే ముఖం కందగడ్డ అవుతుంది. పాపినని మొత్తంగా ఒప్పుకోవడం వేరు, ఫలానా రోజున ఫలానా మనిషికి ఫలానా అన్యాయం చేశానని ఒప్పుకోవడం వేరు. మొదటిదాని దగ్గర ఆగిపోయినవాళ్లు రెండోదానిదాకా ఎలా నడవాలో చెప్పడమే ఈ మార్గదర్శి పని. నేను పాస్టరును కాను. సంఘంలో కొంతకాలం కోశాధికారిగా, చాలాకాలం సండేస్కూలు ఉపాధ్యాయుడిగా ఉన్నవాడిని. ఇక్కడ చెప్పే మెట్లలో కొన్నిటి మీద నేనే జారిపడ్డాను. ఆ సంగతీ చెబుతాను.

మొదటి మెట్టు: శనివారం రాత్రి ఇరవై నిమిషాలు

ఆదివారం ఉదయం ఆత్మపరిశీలనకు పనికిరాదు. ఇస్త్రీ బట్టలు, కనబడని సాక్సు, టిఫిను, ఆలస్యమవుతోందని ఇంట్లో కేకలు. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) దగ్గర పాట పాడే ఆ నాలుగు నిమిషాల్లో నెల రోజుల బతుకును తిరగేసుకోవడం అయ్యే పని కాదు. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అని పౌలు రాసింది ప్రభు బల్ల గురించే (1 కొరింథీయులకు 11:28). మన సంఘాల్లో చాలావాటిలో బల్ల నెలకోసారి, మొదటి ఆదివారం ఉంటుంది. కాబట్టి దానికి ముందు శనివారం రాత్రి, అందరూ పడుకున్నాక, ఇరవై నిమిషాలు కేటాయించండి. బైబిలు, పెన్ను, చిన్న నోటుపుస్తకం చాలు. ఫోను వేరే గదిలో ఉండాలి.

ముందుగా 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదవండి. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." భక్తుడు నన్ను నేనే పరిశోధించుకుంటానని అనలేదు. తన వీపు తనకు కనబడదని అతనికి తెలుసు.

ఇక ప్రశ్నలు. గుంటూరులో 1842లో మొదలైన లూథరన్ మిషను సంఘాలవారికి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి పరిచయమే. ఏ పాపాలు ఒప్పుకోవాలి అని అడిగితే లూథర్ అందులో చెప్పిన జవాబు నాకు చాలా ఇష్టం. పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానాన్ని చూసుకో అంటాడు: నువ్వు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురివా, యజమానివా, పనివాడివా? ఆ స్థానంలో అవిధేయంగా, సోమరిగా, కోపిష్ఠిగా ఉన్నావా? ఎవరినైనా మాటతో నొప్పించావా? పాపం ఆకాశంలో జరగదు. వంటగదిలో, ఆఫీసు బల్ల దగ్గర, పొలం గట్టు మీద జరుగుతుంది. అందుకే వెతకవలసింది అక్కడే.

నేను వేసుకునే ప్రశ్నలు ఇవి. ఈ నెలలో ఎవరి ముఖం చూడటానికి ఇబ్బంది పడ్డాను? ఎవరి ఫోను మోగితే ఎత్తకుండా వదిలేశాను? ఇంట్లో పనిచేసే ఆవిడకు జీతం ఏ తేదీన ఇచ్చాను? (కూలివాని కూలి మరునాటివరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 చెబుతోంది. ఐదో తేదీ అన్నమాట పన్నెండుకు జరిగితే అది మతిమరపు కాదు.) నా భార్య ముందు ఒకలా, బయటివాళ్ల ముందు ఒకలా చెప్పిన సంగతి ఏమిటి? వీటిలో మొదటి ప్రశ్న ఒక్కటి వేసుకున్నా చాలు. తప్పు ఎక్కడ దాక్కున్నా, ఆ మనిషి వీధిలో ఎదురైనప్పుడు మన కాళ్లే పక్క సందులోకి తిరుగుతాయి.

మూడింటికంటే ఎక్కువ రాయకండి. ఇరవై తప్పులు రాసినవాడు ఒక్కటీ సరిదిద్దుకోడు.

రెండో మెట్టు: తప్పుకు దాని పేరు పెట్టండి

అసలు కష్టం ఇక్కడే ఉంది. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మన భాష చాలా మర్యాదస్థురాలు. తప్పు చేసినవాడిని వాక్యంలోకి రానివ్వకుండానే తప్పు గురించి మాట్లాడనిస్తుంది. నోరు జారింది. చెయ్యి జారింది. మాట తూలింది. పొరపాటు దొర్లింది. ఏదో అలా జరిగిపోయింది. వీటిలో నోరు ఉంది, చెయ్యి ఉంది, మాట ఉంది, మనిషి లేడు. "గ్లాసు పగిలింది" అంటాం, "పగలగొట్టాను" అనం. "నాకు కోపం వచ్చింది" అంటాం, కోపం ఎక్కడో బస్సెక్కి మన గుమ్మం ముందు దిగినట్టు.

నిర్గమకాండం 32లో మోషే సోదరుడు అహరోను చెప్పిన సాకు ఈ కోవలోదే. ప్రజల దగ్గర బంగారం తీసుకుని, పోగరతో (చెక్కే పనిముట్టుతో) రూపుచేసి, దూడను తయారుచేసింది అతనే అని నాలుగో వచనం చెబుతోంది. ఇరవై నాలుగో వచనానికి వచ్చేసరికి కథ మారిపోయింది: బంగారం నిప్పులో వేశాను, ఈ దూడ అయింది! పోగర మాయమైంది, చెయ్యీ మాయమైంది. చదివినప్పుడల్లా నవ్వు వస్తుంది. తరువాత నా నోటుపుస్తకం గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోతుంది.

కాబట్టి నియమం ఇది. వాక్యం "నేను"తో మొదలు కావాలి. "చేశాను, అన్నాను, తీసుకున్నాను, దాచాను" వంటి క్రియతో ముగియాలి. మధ్యలో ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది ఉండాలి. "కానీ", "ఎందుకంటే", "వాళ్లు కూడా" అనే మాటలు ఉండకూడదు. కారణాలు నిజమే కావచ్చు, ఈ రాత్రి వాటి పని లేదు.

మన సంఘాల్లో చెలామణి అయ్యే మారుపేర్లు కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. "నేను ముక్కుసూటి మనిషిని" అనే మాటకు చాలాసార్లు అర్థం, ఎదుటివాళ్లను గాయపరచడం నాకు అలవాటని. "నాకు కోపం త్వరగా వస్తుంది, మనసులో ఏమీ పెట్టుకోను" అనేవాడి మనసులో నిజంగానే ఏమీ ఉండకపోవచ్చు. ఉన్నదంతా ఎదుటివాళ్ల మనసులోకి చేరిపోయింది మరి. "సర్దుబాటు చేశాను" అంటే ఇతరుల డబ్బు వాడుకున్నాను.

వీటన్నిటికంటే పవిత్రంగా కనబడేది "ప్రార్థన భారం." స్త్రీల కూటంలోనో పెద్దల సమావేశంలోనో ఒకరు గొంతు తగ్గించి, "ఫలానావాళ్ల అమ్మాయి గురించి ప్రార్థన చేయండి, వివరాలు అడగకండి" అంటారు. అడగకుండా ఎవరుంటారు? మూడు రోజుల్లో వివరాలు పేటంతా తిరుగుతాయి. ఆ అమ్మాయి కోసం ఎవరు ప్రార్థించారో తెలియదు, తలుపు చాటున ఎంతమంది నవ్వారో మాత్రం ఆమెకు తెలుస్తుంది. నోటుపుస్తకంలో దీన్ని "భారం పంచుకున్నాను" అని రాయకూడదు. "నేను మంగళవారం కూటంలో ఆ అమ్మాయి గుట్టు బయటపెట్టాను" అని రాయాలి.

రాశాక ఒకసారి పైకి చదవండి. గొంతు తడబడిందంటే వాక్యం సరిగ్గా కుదిరిందని గుర్తు.

మూడో మెట్టు: ఏది తప్పు, ఏది కాదు

నిజాయితీ అంటే కనబడిన ప్రతిదాన్నీ నెత్తిన వేసుకోవడం కాదు. శోధన వచ్చినంత మాత్రాన పాపం కాదు, యేసు కూడా శోధింపబడ్డాడు. మీకు ఎవరో చేసిన అన్యాయం మీ తప్పు కాదు. చిన్నతనంలో జరిగిన దానికి ఇప్పటికీ తమనే నిందించుకుంటూ ప్రతి ఉపవాస కూటంలో ఏడ్చేవాళ్లను చూశాను. వాళ్లు చెప్పవలసింది ఒప్పుకోలు కాదు, ఫిర్యాదు. తాగి కొట్టే భర్త ఉన్న ఇల్లాలికి "నీలో విధేయత లోపించిందేమో పరీక్షించుకో" అని ఎవరైనా సలహా ఇస్తే ఆ సలహాదారుకే ఒక శనివారం రాత్రి అవసరం.

ఒప్పుకున్న పాపాన్నే రోజూ మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, క్షమాపణ దొరికిందో లేదో అని నిద్రపట్టక కుమిలిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఈ నోటుపుస్తకం మేలు చేయదు, పుండును ఇంకా గోకినట్టవుతుంది. నెలల తరబడి అలా ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. తాగుడు వ్యసనమైతే ప్రార్థనతోపాటు చికిత్స కూడా కావాలి.

నేరాల సంగతి వేరు. పిల్లల మీద లైంగిక దాడి గురించి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. "దేవుని ముందు ఒప్పుకున్నాడు, సంఘం క్షమించింది" అని మూసిపెట్టడం కుదరదు.

నాలుగో మెట్టు: దేవుని ఎదుట, పూర్తి వాక్యంతో

ఇద్దరు రాజులు ఒకే మాట అన్నారు. సౌలు "పాపము చేసితిని" అన్నాడు (1 సమూయేలు 15), దావీదు కూడా అదే అన్నాడు (2 సమూయేలు 12). మరి ఒకడు తోసివేయబడ్డాడు, ఒకడు నిలిచాడు. ఎందుకని సండేస్కూలులో ఒక పిల్లవాడు అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

అమాలేకీయుల పశువులను కూడా మిగల్చవద్దన్న యెహోవా ఆజ్ఞను నెరవేర్చానని సౌలు మొదట అన్నాడు. అమాలేకీయుల దగ్గర దోచిన గొర్రెలు వెనక అరుస్తూనే ఉన్నాయి. అప్పుడు, బలి అర్పించడానికి జనులు మంచివాటిని ఉండనిచ్చారన్నాడు. అంటే తప్పు జనులది, ఉద్దేశం భక్తి. ఇంకా నిలదీస్తే, జనులకు భయపడి చేశానన్నాడు. చివరికి పాపం చేశానని ఒప్పుకుంటూనే, పెద్దల ముందు నన్ను గౌరవించు అని ప్రవక్త సమూయేలును బతిమాలాడు. అతని దిగులంతా పరువు గురించే. మన దిగులు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది కాబట్టి సౌలును తేలిగ్గా తీసేయలేను.

దావీదు చేసింది చిన్న తప్పు కాదు. ఊరియా భార్య బత్షెబను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందుకు నెట్టి చంపించాడు. ప్రవక్త నాతాను వచ్చి పేదవాడి గొర్రెపిల్ల కథ చెబితే కథలోని ధనికుడి మీద మండిపడ్డాడు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక మాత్రం సాకు లేదు, బత్షెబ పేరు లేదు, పెద్దల ముందు గౌరవం అడగడం లేదు. ఒకే ఒక్క చిన్న వాక్యం.

మీరు రాసిన వాక్యాన్ని అలాగే దేవునికి చదివి వినిపించండి. పెద్ద ప్రార్థన అక్కరలేదు. 51వ కీర్తన తోడుగా చదువుకోవచ్చు. తరువాత 1 యోహాను 1:9 చదవండి: "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." చదివి, నమ్మి, పడుకోండి. ఎంత ఎక్కువసేపు ఏడిస్తే అంత క్షమాపణ అని వాక్యం ఎక్కడా చెప్పలేదు.

ఐదో మెట్టు: మనిషి దగ్గరికి వెళ్లడం

దేవునితో అయిపోయింది కదా, ఇక మనిషితో పనేమిటి అనిపిస్తుంది. యేసు వరుస వేరు. అర్పణ బలిపీఠం దగ్గర వదిలిపెట్టు, ముందు సహోదరునితో సమాధానపడు, తరువాత వచ్చి అర్పించు అన్నాడు (మత్తయి 5:23–24). అక్కడ మాట జాగ్రత్తగా చూడండి: "నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" గుర్తొస్తే. అతని మీద నాకు ఉన్న కోపం గురించి కాదు, నా మీద అతనికి ఉన్న ఫిర్యాదు గురించి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం ఒకరికొకరు చేతులు పట్టుకుని అనే మాట ఒకటుంది: "ఈ ఏడాదిలో నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే క్షమించండి." జరిగి ఉంటే! ఆ "ఉంటే"లో అన్నీ కరిగిపోతాయి. తప్పు జరిగిందో లేదో తేల్చవలసిన భారం ఎదుటివాడి మీద పడుతుంది. పండుగ మర్యాదగా ఆ మాట మంచిదే. క్షమాపణ అడగడం మాత్రం కాదు.

నా సంగతి చెబుతాను. మా అబ్బాయికి పద్నాలుగేళ్లప్పుడు నా చొక్కా జేబులో ఐదు వందల నోటు కనబడలేదు. ఆ రోజు మా బావమరిది ఇంట్లో ఉన్నాడు. అతని ముందే వాడిని నిలబెట్టి దొంగతనం అంటగట్టాను. వాడు లేదు లేదని ఏడ్చాడు. రెండు వారాల తరువాత నోటు నా బైబిలు సంచిలో, కానుక కవరులో దొరికింది. నేనే పెట్టి మరిచిపోయాను. ఆ సాయంత్రం వాడికి బిర్యానీ తెచ్చాను. మన ఇళ్లలో తండ్రులు క్షమాపణ అడిగే పద్ధతి అదే కదా. వాడు మాట్లాడకుండా తిన్నాడు.

రెండేళ్ల తరువాత ఒక శనివారం ఆ వాక్యం రాయవలసి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వాడి గదిలోకి వెళ్లి, తలుపు వేసి, "ఆ రోజు నిన్ను దొంగ అన్నాను. అది అబద్ధం. నోటు దొరికాక కూడా నీకు చెప్పలేదు. నన్ను క్షమించు" అన్నాను. వాడు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండి, "మామయ్య ముందు అన్నారు నాన్నా" అన్నాడు.

అంతే అన్నాడు. అప్పుడు తెలిసింది, నా క్షమాపణ సగం దూరమే వెళ్లిందని. వాడి ఎదుటే మా బావమరిదికి ఫోను చేసి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అవతల కాసేపు మౌనం. బావమరిది ముందు అది నాకు తేలికైన పని కాదు. అందుకే రెండేళ్లు పట్టింది మరి.

ఆ రోజు నేర్చుకున్నది ఇది: తప్పు ఎంతమంది ముందు జరిగిందో, దిద్దుబాటు అంతమంది ముందు జరగాలి. వాట్సాప్ గ్రూపులో ఒకరిని అవమానిస్తే వ్యక్తిగతంగా మెసేజి పెడితే సరిపోదు, ఆ గ్రూపులోనే రాయాలి. చాటుగా చేసిన తప్పును వేదికెక్కి చెప్పనక్కరలేదు.

అడిగే మాటలు పొట్టిగా ఉండాలి. ఏమి చేశానో చెప్పాలి, అది తప్పని చెప్పాలి, క్షమించమని అడగాలి, ఏదైనా సరిచేయగలిగితే ఏమి చేయమంటారో అడగాలి. వెంటనే క్షమించమని ఒత్తిడి చేయకూడదు. "దేవుడు క్షమించమన్నాడు కదా" అని వాక్యాన్ని ఎదుటివాడి మెడ మీద పెట్టకూడదు.

వెళ్లకూడని సందర్భాలూ ఉన్నాయి. ఒకరి మీద మీకు మనసులో అసూయ ఉంది, వాళ్లకు ఆ సంగతే తెలియదు. వెళ్లి చెబితే మీ బరువు వాళ్ల నెత్తిన పెట్టినట్టు. మీరంటే భయపడే మనిషి ఇంటికి క్షమాపణ పేరుతో వెళ్లడం కూడా మరో హింసే. వివాహ ద్రోహం లాంటివి చెప్పే ముందు అనుభవమున్న కాపరితోనో కౌన్సెలరుతోనో మాట్లాడాలి.

ఆరో మెట్టు: చెల్లించడం

మన ప్రసంగాల్లో సుంకరి జక్కయ్య యేసును చూడటానికి చెట్టెక్కడం గురించి విన్నంత అతని లెక్క గురించి వినం. "నేనెవనియొద్దనైనను అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల అతనికి నాలుగంతలు మరల చెల్లింతును" అన్నాడు. ధర్మశాస్త్రంలో దొంగిలించిన గొర్రెను అమ్మేసినా చంపినా నాలుగు గొర్రెలు ఇవ్వాలి (నిర్గమకాండం 22:1). తనంతట తాను ఒప్పుకున్నవాడికి సంఖ్యాకాండం 5:7 తేలిక లెక్క చెప్పింది: అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. పది వేలు తీసుకుంటే పన్నెండు వేలు. ఇవ్వవలసిన మనిషి, అతని బంధువు కూడా లేకపోతే అది యెహోవాదై యాజకునికి చేరుతుందని ఆ తరువాతి వచనంలో ఉంది. అంటే, ఆ మనిషి లేడు కాబట్టి డబ్బు నా దగ్గరే ఉంటుందనే వాదనకు చోటు లేదు.

కోశాధికారిగా ఉన్న రోజుల్లో ఒక జూన్ నెల, పిల్లల ఫీజుకు చెయ్యి ఆడక, నా దగ్గరున్న కోతపండుగ కానుకల్లోంచి ఆరు వేలు తీశాను. ఐదు వారాల్లో తిరిగి పెట్టేశాను. ఆడిటులో పైసా తేడా రాలేదు. నా మనసులో దాని పేరు "సర్దుబాటు." పదకొండేళ్లు ఆ పేరుతోనే బతికింది.

రాసుకున్న తరువాత వారం కొత్త కోశాధికారి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పి, అసలు ఎప్పుడో కట్టాను కాబట్టి ఐదో వంతుగా పన్నెండు వందలు బల్ల మీద పెట్టాను. అతను నాకంటే చిన్నవాడు, నా శిష్యుడే. ఇబ్బందిపడి, "ఇప్పుడెందుకన్నయ్యా ఇవన్నీ" అంటూ రసీదు పుస్తకం తీశాడు. పేరు రాశాడు, మొత్తం రాశాడు. "దేని నిమిత్తం" అన్న గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, "ప్రత్యేక కానుక" అని రాసి చింపి ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని గేటు దాకా వెళ్లాను. కానుక! ఇంకొంచెం ఉంటే ఆదివారం ప్రకటనల్లో నా పేరు చదివి, దాతను దీవించమని ప్రార్థన కూడా చేసేవారు. వెనక్కి వచ్చి, ఆ రసీదు రద్దుచేసి ఇంకొకటి రాయమన్నాను. "ఏమని రాయను?" అన్నాడు. "అనుమతి లేకుండా వాడుకున్న సంఘం సొమ్ము మీద" అన్నాను. అతని పెన్ను నెమ్మదిగా కదిలింది. రద్దయిన రసీదు పుస్తకంలోనే ఉంది, దాని మీద అడ్డంగా రెండు గీతలు.

డబ్బు కాని అప్పులకూ ఇదే లెక్క. ఒకరి పేరు ఐదుగురి దగ్గర చెడగొడితే ఆ ఐదుగురి దగ్గరికీ నడవాలి. కాళ్లు నొప్పిపెడతాయి, మంచిదే.

ఏడో మెట్టు: ఒక తోడు

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాశాడు (5:16). కతోలిక విశ్వాసులకు గురువు దగ్గర ఒక గదిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఉంది, అక్కడ విన్నది గురువు ఎవరికీ చెప్పడానికి వీల్లేదన్న గట్టి నియమమూ ఉంది. మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఆ గది తీసేశాం, దాని స్థానంలో ఏమీ కట్టుకోలేదు. ఉన్నది సాక్ష్యం ఒక్కటే. మన సాక్ష్యాలను గమనించారా? పాపాలన్నీ రక్షింపబడక ముందువే. తాగుడు, సినిమాలు, జూదం అన్నీ అప్పట్లో. మారుమనస్సు పొందిన తరువాతి ఇరవై ఏళ్లలో ఒక్క తప్పు కూడా లేదు!

మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న గుంపులకు నియమాలు రాశాడు. వారానికోసారి కలిసి, తలపులో మాటలో క్రియలో చేసిన తప్పులను ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మగవాళ్లు వేరు, ఆడవాళ్లు వేరు. చేరేవాళ్లను ముందే అడిగే ప్రశ్నల్లో ఒకటి: నీ తప్పులు నీకు చెప్పాలని కోరుకుంటున్నావా? ఆ ప్రశ్నకు అవునన్న మనిషి ఒక్కడు దొరికితే చాలు, గుంపు అక్కరలేదు.

ఎవరిని ఎంచుకోవాలి? పురుషుడికి పురుషుడు, స్త్రీకి స్త్రీ. దగ్గరి బంధువు వద్దు. మీ కింద పనిచేసేవాడు వద్దు. గతంలో ఇతరుల సంగతి మీకు మోసుకొచ్చినవాడు అసలే వద్దు, రేపు మీ సంగతీ మోస్తాడు. రెండు వారాలకోసారి అరగంట, నడుస్తూ మాట్లాడుకున్నా సరే. విన్నవాడు ఉపదేశం మొదలుపెట్టకూడదు. విని, ప్రార్థించి, తరువాతిసారి "ఆ పని ఏమైంది?" అని అడిగితే అదే పెద్ద సహాయం.

ఎనిమిదో మెట్టు: విడిచిపెట్టడం, మళ్లీ పడటం

"అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును" (సామెతలు 28:13). ఒప్పుకోవడం దగ్గరే ఆగిపోతే వచ్చే నెల అదే వాక్యం మళ్లీ రాయాలి. ఎఫెసీయులకు 4:28లో దొంగకు చెప్పిన పద్ధతి చూడండి: దొంగిలవద్దు, కష్టపడి పనిచెయ్యి, అక్కరగలవాడికి పంచు. చెడ్డ పని ఖాళీచేసిన చోట అదే చేతులతో చేసే మంచి పని పెట్టాడు. గుట్టు బయటపెట్టే అలవాటున్నవాడు వారానికి ఒకరి మంచిని వాళ్లు లేనప్పుడు చెప్పాలి. జీతం ఆలస్యం చేసేవాడు ఒకటో తేదీకి ఫోనులో అలారం పెట్టుకోవాలి. భక్తికి అలారం ఏమిటి అనకండి, పనిమనిషి కరెంటు బిల్లుకు గడువు తేదీ ఉంది.

ఒక్క తప్పునే ఎంచుకోండి. కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలో నేర్పిన చిట్కా ఒకటి నాకు బాగా పనికొచ్చింది. రోజుకు రెండు గీతలు గీసి, మధ్యాహ్నం ఒకదాని మీద, రాత్రి ఇంకోదాని మీద, ఆ తప్పు ఎన్నిసార్లు చేశానో అన్ని చుక్కలు పెట్టడం. ఈ వారం గీతలను పోయిన వారం గీతలతో పోల్చి చూడటం. నా తప్పు, ఇంట్లో అరవడం. మొదటి వారం గీతలు చీమల బారుల్లా ఉన్నాయి.

పడతారు. "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని సామెతలు 24:16లో ఉంది. పడినప్పుడు మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టడమే, కొత్త పద్ధతి ఏమీ లేదు.

పోయిన నెల మూడో శనివారం, చుక్కలు బాగా తగ్గాయని నేను మురిసిపోతున్న సమయంలో, కూరలో ఉప్పు గురించి మా ఆవిడ మీద అరిచాను. చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద గట్టిగా కొట్టాను. పగలలేదు, స్టీలుది. గంట తరువాత వంటింట్లోకి వెళ్లి, నేను అరిచాను, తప్పు చేశాను అని చెప్పి వచ్చి నోటుపుస్తకం తీశాను. అదే వాక్యం ఈ ఏడాదిలో ఎన్నోసారో. ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతున్న ఆవిడ తల ఎత్తకుండా అడిగింది, "ఏం రాస్తున్నారు?" చెప్పాను. రెండు రాళ్లు ఏరి పక్కన పడేసి, "పోయినసారి మూడు రోజులు మాట్లాడలేదు మీరు. ఈసారి గంటకే వచ్చారు. అదీ రాసుకోండి" అంది.